క్రిస్మస్ విందుకు టర్కీ కోడి: ఉప్పు ఎంత, ఎలా, ఎవరికి

క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ వార్డులో మమ్మల్ని అడిగే ప్రశ్నలు మారిపోతాయి. "సిస్టరమ్మా, పండుగనాటికి ఇంటికి పంపిస్తారా?" అన్నది మొదటి ప్రశ్న. "పండుగ రోజు ఏం తినవచ్చు?" అన్నది రెండోది. ఈ మధ్య దానికి మూడోది కూడా తోడైంది. అమెరికాలో ఉన్న కొడుకో కోడలో ఫోనులో వీడియో పంపుతారు. టర్కీ కోడిని బకెట్టుడు ఉప్పునీటిలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఓవెనులో నిలువునా కాలుస్తారు. "మనమూ అలా చేయవచ్చా?" అని అడుగుతారు. చేయవచ్చు. కాని అక్కడి వంటగది వేరు, మన వంటగది వేరు. పైగా మన ఇళ్ళలో బి.పి. మాత్రలు వేసుకునేవారు ఒకరైనా ఉంటున్నారు. అందుకే ఈసారి ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ పక్షి మనది కాదు, టర్కీ దేశానిదీ కాదు. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా, మెక్సికో ప్రాంతాలు. 1612లో గోవా నుంచి తెచ్చిన టర్కీ కోడిని చూసి మొగలు చక్రవర్తి జహంగీరు ఎంతో ఆశ్చర్యపడి, తన చిత్రకారుడు మన్సూరు చేత దాని బొమ్మ వేయించాడు. శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరుకు వచ్చి మిషన్ పని ప్రారంభించారు. అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం కృతజ్ఞతా పండుగ నాడు ఈ కోడి లేనిదే విందు లేదు. మన సంఘాల్లో క్రిస్మస్ అంటే కోడికూర, వేటమాంసం, బిర్యానీలే. టర్కీ ఇప్పుడిప్పుడే వస్తోంది. మనకు దగ్గరలోనే చెన్నైలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారు నందనం టర్కీ-1 అనే రకాన్ని తయారుచేశారు. ఇక్కడ కూడా కొందరు రైతులు పెరట్లో నాలుగైదు పెంచి పండుగకు అమ్ముతున్నారు.

ఉప్పు ఎందుకు అనేది ముందు చూద్దాం. టర్కీ రొమ్ము మాంసంలో కొవ్వు చాలా తక్కువ. వేడి తగిలితే అందులోని నీరు పోయి పీచులాగా ఎండిపోతుంది. మాంసానికి ఉప్పు పట్టిస్తే మొదట కొంత నీరు బయటికి ఊరుతుంది. ఆ నీటిలో కరిగిన ఉప్పు తిరిగి నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది. లోపల మాంసకృత్తులు కొంచెం వదులై, ఉడికేటప్పుడు నీటిని పట్టి ఉంచుతాయి. అందువలన ముక్క మెత్తగా ఉంటుంది. ఇంకో సంగతి. ఇలా లోపలిదాకా వెళ్ళేది ఉప్పు ఒక్కటే. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు ఎంతసేపు నానబెట్టినా పైపొరను దాటి పెద్దగా పోవు. కాబట్టి "మసాలా బాగా పట్టాలి" అని రెండు రోజులు ఊరబెట్టడం వలన ప్రయోజనం లేదు. మసాలాను వండే రోజు పట్టించినా అంతే రుచి వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన తీరప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఉప్పు అంటే ఒక నమ్మకం. ఇసకపల్లి ఉప్పు కయ్యలు చూసినవాళ్ళం, ఉప్పుచేప తిని పెరిగినవాళ్ళం. ఉప్పు వేస్తే చెడిపోదు అని మన అమ్మమ్మలు చెప్పిన మాట నిజమే. కాని ఎంత ఉప్పు? ఉప్పుచేపకు మూడు నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు వేసి, ఆపైన ఎండలో నీరంతా పోయేలా ఎండబెడతారు. క్రిములు బ్రతకడానికి అందులో తేమే మిగలదు. టర్కీని నానబెట్టే నీటిలో లీటరుకు 50 గ్రాముల ఉప్పు మాత్రమే ఉంటుంది, అంటే ఐదు శాతం. అది రుచికి చాలుతుంది గాని నిలవకు ఏమాత్రం చాలదు. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండడం మామూలే. ఐదు శాతం ఉప్పు వాటిని చంపదు. డిసెంబరు నెలలో కూడా మన వంటగది గాలి 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. బకెట్టును రాత్రంతా వంటగదిలో ఒక మూల ఉంచితే, ఉప్పు వేశామన్న ధైర్యమే మనల్ని మోసం చేస్తుంది. పసుపు, నిమ్మరసం కూడా అంతే. రంగు, రుచి ఇస్తాయి గాని మాంసాన్ని కాపాడవు.

వీడియోలో బకెట్టు మూల పెట్టినట్లు కనిపించినా, అక్కడ దానిని 4 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచుతారు. పెద్ద ఫ్రిజ్‌లోనో, చలికి గడ్డకట్టే గరాజులోనో పెడతారు. మన ఫ్రిజ్‌లో బకెట్టు పట్టదు. ఐస్‌పెట్టె దొరికితే అందులో ఐసు మారుస్తూ ఉంచవచ్చు గాని, నడిరాత్రి లేచి ఐసు మార్చేవారు ఎవరు? దానికితోడు మనకు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు కరెంటు లేక ఎన్ని ఇళ్ళలో ఫ్రిజ్‌లు ఆగిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ తరువాత లోపలి పచ్చిమాంసాన్ని నమ్మవద్దు.

కాబట్టి నా సలహా నీళ్ళ పద్ధతి కాదు, పొడి పద్ధతి. కోడిని ముక్కలుగా కొట్టించండి. నిలువునా కాల్చే ఓవెన్లు మన ఇళ్ళలో ఎలాగూ లేవు. తూకం వేసి, కిలో మాంసానికి 10 గ్రాముల మెత్తని ఉప్పు, అంటే రెండు టీస్పూన్లకు కొంచెం తక్కువ, అన్ని వైపులా రాయండి. మూత ఉన్న స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో 12 నుంచి 24 గంటలు ఉంచండి. అడుగు అర అని ఎందుకంటున్నానంటే, పై అరలో పెడితే పచ్చి నీరు కారి కింద ఉన్న పెరుగులోనో కేకులోనో పడుతుంది. కల్లుప్పు వాడేవారు చెంచాతో కొలవకండి. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాలో తక్కువ పడుతుంది. తూచి, దంచి వేయండి. ఈ ఉప్పు వేశాక కూర వండేటప్పుడు మళ్ళీ ఉప్పు వేయకూడదు. చాలామంది ఇక్కడే తప్పుతారు. నీళ్ళ పద్ధతే కావాలనేవారు 5 లీటర్ల నీటికి 250 గ్రాముల ఉప్పు కలిపి, ముక్కలను ఫ్రిజ్‌లోనే రెండు మూడు గంటలు ఉంచితే చాలు. తరువాత ఆ నీటిని పారబోయాలి. దానితో పులుసు పెట్టవద్దు.

గడ్డకట్టిన కోడిని కొన్నవారు ప్యాకెట్టు మీది అక్షరాలు చదవండి. కొన్నింటికి కంపెనీలోనే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు. వాటికి మళ్ళీ ఉప్పు పట్టించకూడదు. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే జరగాలి. రెండు కిలోల బరువుకు ఒక రోజు చొప్పున పడుతుంది. అంటే నాలుగు కిలోల కోడిని 25వ తేదీ వండాలంటే, ఉప్పు పట్టే రోజును కూడా కలుపుకొని, 22వ తేదీనే ఫ్రిజ్‌లో దించాలి.

కడిగే విషయం చెబితే మన ఆడవాళ్ళకు నచ్చదు. అయినా చెబుతాను. కుళాయి కింద పెట్టి జోరుగా కడిగితే తుంపరలు పక్కనున్న గిన్నెల మీద, కొత్తిమీర మీద పడతాయి. క్రిములు పోయేది కడగడం వలన కాదు, ఉడకడం వలన. కడగకుండా మనసు ఒప్పకపోతే లోతైన గిన్నెలో నీరు పోసి మెల్లగా ముంచి తీసి, ఆ నీరు పారబోసి, తొట్టిని, కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుక్కోండి.

బర్డ్ ఫ్లూ గురించి కూడా అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలలో అది బయటపడింది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బ్రతకదు. భయమల్లా జబ్బు చేసిన, చచ్చిన కోళ్ళను ముట్టుకోవడంలోనే ఉంది. ఊరిలో కోళ్ళు ఉన్నట్టుండి చనిపోతుంటే చవకగా వస్తుందని కొని కోయవద్దు.

ఉడకడం అంటే ఎంత? ముక్క మధ్యలో, ఎముక దగ్గర, వేడి 74 డిగ్రీలకు చేరాలి. దీనికి మాంసంలో గుచ్చే థర్మామీటరు దొరుకుతుంది. జ్వరం చూసే థర్మామీటరు పెట్టకండి. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, గాజుదైతే పగిలి పాదరసం కూరలో కలుస్తుంది. ఏ థర్మామీటరూ లేనివారు ముక్కలు చిన్నవిగా కొట్టించి, మాంసం ఎముక నుంచి ఊడివచ్చేదాకా మూతపెట్టి ఉడికించండి. ప్రెషర్ కుక్కరులో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కనుక టర్కీ కాళ్ళ వంటి గట్టి ముక్కలకు అదే మేలు. రంగును చూసి ఉడికిందని నిర్ణయించవద్దు.

ఇప్పుడు రోగుల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను, చాలునంటుంది. పైన చెప్పిన లెక్కలో మూడు కిలోల కోడికి 30 గ్రాములు పడింది. పన్నెండుమంది తింటే మనిషికి రెండున్నర గ్రాములు. అంటే ఒక్క కూరతోనే సగం రోజు ఉప్పు అయిపోయింది. దాని పక్కన బిర్యానీ, అప్పడం, ఆవకాయ, ప్యాకెట్టు మసాలా, సోయా సాస్ చేరితే లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి. ఆరోగ్యవంతులకు ఒక పూట పరవాలేదు. గుండె బలహీనమై కాళ్ళకు నీరు దిగేవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి ఆ ఒక్క పూటే చాలు. ఉప్పు దాహం పుట్టిస్తుంది, తాగిన నీరు ఒంట్లో నిలుస్తుంది, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తుంది. పండుగ మర్నాడు ఆయాసంతో వచ్చేవారిని చూడని సంవత్సరం నాకు లేదు.

దీనికి సులువైన మార్గం ఉంది. కోడికి ఉప్పు రాయకముందే రొమ్ము ముక్కలు నాలుగు తీసి, చర్మం ఒలిచి, చిన్న గిన్నెలో వేరుగా పెట్టండి. వాటికి గూడూరు నిమ్మకాయ రసం, దంచిన మిరియాలు, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు, ఒక చెంచా పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మూతపెట్టి సన్నని సెగ మీద వండండి. పులుపు, కారం ఉన్నచోట నాలుక ఉప్పును అంతగా వెతకదు. నాన్నగారికి ఇలా వేరుగా వండేటప్పుడు బల్ల మీద అందరితో కలిపే వడ్డించండి. చప్పిడి కూడు అని ఒక మూల కూర్చోబెట్టి పెడితే ఆయన తినరు, వంటింట్లోకి వెళ్ళి ఆవకాయ వేసుకుంటారు.

తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతున్నారు గదా అంటారు. అందులో పొటాషియం ఉంటుంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు ఉప్పుకు బదులు అది వాడవచ్చునని సూచించింది గాని, కిడ్నీ జబ్బు ఉన్నవారిని మినహాయించింది. కొన్ని బి.పి. మాత్రలు కూడా ఒంట్లో పొటాషియంను పెంచుతాయి. డాక్టరు గారిని అడగకుండా మొదలుపెట్టవద్దు. పండుగ కదా అని బి.పి. మాత్ర మానవద్దు. ఎక్కువ తిన్నాం కదా అని నీరు పోయే మాత్ర మీ అంతట మీరే రెండు వేసుకోవద్దు. గుండె జబ్బు ఉన్నవారు 24వ తేదీ ఉదయం ఒకసారి, ఆ తరువాత నాలుగు రోజులు రోజూ అదే వేళకు బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, తలకింద ఒక దిండు చాలక రెండు కావలసివచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రండి.

చివరిగా మిగిలిన కూర సంగతి. ప్రేమవిందులో పెద్ద డేగిసాలో వండిన కూర మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. కొన్ని క్రిములు గింజల వంటి రూపంలో ఉడుకును కూడా తట్టుకొని, ఆ గోరువెచ్చదనంలో మళ్ళీ లేస్తాయి. వండిన రెండు గంటలలోపు తినడమో, లోతు తక్కువ పళ్ళాలలో పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి. వేలికి పుండు, చీము గడ్డ ఉన్నవారు ఉడికిన మాంసాన్ని చేతితో విడదీయకూడదు. ఆ చీములోని స్టెఫిలోకాకస్ పది శాతం ఉప్పులో కూడా పెరుగుతుంది, అది వదిలే విషం మరిగించినా పోదు. "మళ్ళీ వేడి చేశాం కదా" అన్నది ఇక్కడ పనికిరాదు. ఆరాధన ముగిశాక టిఫిను క్యారియరులో ఊరికి పంపే కూర ఎంతసేపు బస్సులో ఉంటుందో లెక్క చూసుకొని పంపండి.

అలాంటి తిండి తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటలలో వాంతులు మొదలవుతాయి. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు జ్వరం, విరేచనాలు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, గుక్క గుక్కగా పట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. అంతకు మించి ఉప్పు వేయవద్దు. గుండె, కిడ్నీ జబ్బులవారికి ఇంట్లో లీటర్ల కొద్దీ పట్టకుండా తీసుకురండి. చంటిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మలంలో రక్తం పడినవారు, ఆరు గంటలుగా మూత్రం రానివారు కూడా ఇంట్లో ఆగకూడదు. పండుగ రోజున కూడా క్యాజువాలిటీలో డ్యూటీ సిస్టరు, డాక్టరు ఉంటారు. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీ వెంట తెచ్చుకోండి.