సొట్ట తీయడం కూడా విద్యే

"మామా, పదో తరగతి పాసయినా కదా, ఇంక చదువు చాలు. రేపట్నుంచి నీ షెడ్డుకే వస్తా" అన్నాడు మా మేనల్లుడు. బళ్లారిలో ముప్పై ఏళ్లుగా టింకరింగ్ పని చేస్తున్న నాకు సంతోషం కలగాలి. కాని దిగులేసింది.

మా కాలంలో బడి మానేసి ఉస్తాద్ దగ్గర చేరేవాళ్లం. గనుల లారీల మీదే సుత్తి పట్టడం నేర్చుకున్నాం. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొట్టేవాళ్లం. పెయింటులో కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెస్తాయని మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మేడ మెట్లెక్కితే నాకు ఆయాసం.

2011లో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపించింది. లారీలు నిలిచిపోయాయి. కార్ల పనికి దిగాక నాకు తెలియనిదెంతో తెలిసింది. పాత లారీ రేకును మంటతో కాల్చి సాగదీసినట్టు కొత్త కారు తలుపు పక్క స్తంభాన్ని కాల్చకూడదు. అది గట్టి రకం ఉక్కు. వేడి తగిలితే బలం పోతుంది. పైన రంగు ఎంత మెరిసినా, మళ్లీ ప్రమాదం జరిగితే లోపలి మనిషిని కాపాడలేదు. మన పనిలో తప్పు కంటికి కనబడదు, అదే భయం.

అందుకే వాడికి ఇలా చెప్పాను. ఈ పని మీద మనసున్న పిల్లలందరికీ అదే చెబుతున్నాను.

ముందు ఐటీఐలో చేరండి. మెకానిక్ ఆటో బాడీ రిపేర్, ఆటో బాడీ పెయింటింగ్ అని ఏడాదేసి కోర్సులున్నాయి. దగ్గరలో అవి లేకపోతే వెల్డర్ కోర్సయినా మంచి పునాదే. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండు కూడా వస్తుంది.

కొలత ముందు, సుత్తి తర్వాత. ఇన్సూరెన్స్ బండిని సర్వేయర్ చూడకముందు విప్పకండి. పెయింటుకు దుమ్ము మాస్కు చాలదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి.

ఇంకొక మాట. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు మాట్లాడుకుందాం, కాని కన్నడం చదవడం, రాయడం కూడా బాగా నేర్చుకోండి. గిరాకీకి లెక్క రాసివ్వాల్సింది మీరే కదా!

మావాడు ముఖం మాడ్చుకున్నాడు. అయినా అప్లికేషను నింపాడు. "మొదటి జీతంతో ఏం కొంటావురా?" అంటే, "నీకు మాస్కు, మామా" అన్నాడు.