కలివి కోడి కంటపడదు.. మరి దాని ఇంటిని ఎలా కనిపెట్టారు?

పగలంతా పొదల మాటునే ఉంటుంది. చీకటి పడ్డాకే బయటకొస్తుంది. అదే కలివి కోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. కానీ 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది.

మరి కంటికే కనిపించని పక్షిని కాపాడేదెలా? పక్షి కనిపించకపోయినా, అది ఉండే చోటు కనిపిస్తుంది కదా! పరిశోధకులు పట్టుకున్న దారి ఇదే.

ముందు అడుగుల జాడ

పొదల మధ్య అక్కడక్కడా మెత్తటి మట్టి పరిచారు. తెల్లారాక దాని మీద పాదముద్రలు వెతికారు. ముద్రలు పడిన చోట్ల పొదలు లెక్కపెట్టారు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు ఉన్న చోటే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతోందని తేలింది. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడినా దాని జాడ తక్కువే.

ఆ తర్వాత శాటిలైట్

జిల్లా అంతా తిరిగి పొదలు లెక్కపెట్టడం అయ్యే పని కాదు. అందుకే శాటిలైట్ ఫొటోలను డిజిటల్ మ్యాపులుగా మార్చి, చిట్టడవి ఎక్కడెక్కడ మిగిలిందో గుర్తించారు. 1991, 2000 నాటి ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ముప్పు బయటపడింది. పక్షి ఉన్న ప్రాంతంలోనూ, చుట్టుపక్కలా తొమ్మిదేళ్లలో 11 నుంచి 15 శాతం చిట్టడవి పోయింది. అందులో ఎక్కువ భాగం పొలాలుగా మారింది. ఊళ్లకు దగ్గరగా ఉన్న పొదలే ముందు మాయమయ్యాయి.

కాలువ పక్కకు జరిగింది

2005లో తెలుగు గంగ కాలువ పనులు ఈ పక్షి ఉండే చోటికే వచ్చాయి. యంత్రాలు కొంత చిట్టడవిని తవ్వేశాయి కూడా. పరిశోధకులు అభ్యంతరం చెప్పడంతో విషయం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చారు. రైతుకు నీళ్లూ కావాలి, పక్షికి పొదలూ కావాలి. ఏ పొదలు ముఖ్యమో ముందే తెలిస్తే గొడవ లేకుండానే దారి వెతకొచ్చు.

అయితే మ్యాప్ ఇంటిని చూపిస్తుందే కానీ, ఇంట్లో ఎవరున్నారో చెప్పదు. అది తెలియాలంటే రాత్రిపూట అడవిలో నడవాల్సిందే, దాని కూత కోసం చెవి ఒగ్గి వినాల్సిందే.