బడికి తాళం.. ఫీజుకు లేదా సెలవు?

గుంటూరు: ఏప్రిల్ 23 వచ్చిందంటే బడిపిల్లలకు పండగే. మర్నాటి నుంచి సాధారణంగా జూన్ 11 దాకా సెలవులు. వేళ్ల మీద లెక్కేస్తే 49 రోజులు. పిల్లల సంబరం పిల్లలది. కన్నవాళ్ల బెంగ వేరు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల సంచుల్లో కొన్నిచోట్ల మార్కుల కార్డుతో పాటు ఫీజు చీటీ కూడా ఇంటికొస్తుంది. అందులో మే నెల ఫీజు కూడా కలిపి ఉంటుంది!

బడి తెరవని నెలకు డబ్బు కట్టాలా? అక్కర్లేదా? ఏటా ఎండలతో పాటే ఊరి అరుగుల మీద ఈ వాదన కూడా ముదురుతుంది.

కూలీల లెక్క

మన జిల్లా కూలీలకు తెలిసిన లెక్క ఒక్కటే. పనిచేస్తే కూలి, లేకుంటే లేదు. మిరపకాయ కోతకెళ్లినా, తొడిమలు తీసినా అంతే. ఏటా మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. టిక్కీలు మోసే హమాలీకి ఆ రోజుల్లో యార్డు కూలి రాదు. యార్డు మూస్తే మనకు రూపాయి రానప్పుడు, బడి మూస్తే మనమెందుకివ్వాలన్నది వాళ్ల ప్రశ్న. అడగదగ్గ ప్రశ్నే.

పైగా ఖర్చు రెండింతలవుతుంది. మూడేళ్ల పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేరు. అమ్మమ్మో నాయనమ్మో ఉంటే సరి. లేకుంటే తల్లి పని మానాలి. అటు ఫీజూ పోయె, ఇటు కూలీ పోయె!

యాజమాన్యాల లెక్క

బడి నడిపేవాళ్ల మాట కూడా వినాలి. కొంపకు అద్దె పదకొండు నెలలిస్తే యజమాని ఊరుకోడు. పంతులమ్మకూ, ఆయాకూ మే నెలలోనూ ఆకలి వేస్తుంది. జూన్‌లో బడి తెరిచేసరికి వాళ్లు ఉండాలంటే జీతం ఇవ్వాలి. పిల్లవాడి సీటు పిల్లవాడికి ఉండాలి. ఫీజు అనేది ఏడాది మొత్తానికి, నెలనెలా తీసుకోవడం కట్టేవాళ్ల వీలు కోసమే అంటారు.

ఈ వాదనా కొట్టేయదగ్గది కాదు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఫీజులు ఖరారు చేసినప్పుడు లెక్క ఏడాదికే కట్టింది. నర్సరీ నుంచి అయిదో తరగతి దాకా పంచాయతీల్లో 10,000, పురపాలక సంఘాల్లో 11,000, నగరపాలక సంస్థల్లో 12,000 రూపాయలని జీవో ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. రేట్లు పోయినా ఫీజును ఏడాది లెక్కన చూసే అలవాటు పోలేదు.

కిటుకు ఎక్కడుంది?

ఏడాదికి 12,000 అని చేర్చుకునేటప్పుడే చెప్పారనుకుందాం. నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు కట్టినా, 1,200 చొప్పున పది నెలలు కట్టినా మొత్తం ఒక్కటే. మొదటి పద్ధతిలో మే నెల వెయ్యి కట్టడం అన్యాయం కాదు. అది జూన్ నుంచి నడిచిన చదువుకు చివరి వాయిదా.

మోసమల్లా మరోచోట ఉంది. నెలకు 1,200 అని నోటిమాటగా చెప్పి, పది నెలలు వసూలు చేసి, ఆఖర్న సెలవు రోజులకూ రెండు నెలలు కట్టమంటే మొత్తం 14,400 అవుతుంది. ఆ 2,400 ముందు ఒప్పుకున్నది కాదు. దాన్ని నిలదీయడం కన్నవాళ్ల హక్కు.

ఇక ఆటో, బస్సు చార్జీలూ, మధ్యాహ్నం పెట్టే తిండి డబ్బులూ. బండి తిరగలేదు, పొయ్యి వెలగలేదు. వీటికి మే నెల బిల్లు వేయడానికి ఏ సమర్థనా లేదు.

సుప్రీంకోర్టు ఏమన్నది?

కరోనా కాలంలో బడులు మూతపడ్డప్పుడు ఈ తగాదా దేశమంతా రేగింది. 2020 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. రాజస్థాన్ ప్రైవేటు బడుల కేసులో 2021 మే 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫీజు పూర్తిగా మాఫీ కాదంది, పూర్తిగా కట్టనక్కర్లేదనీ అంది. బడి నడవనందువల్ల డీజిలు, కరెంటు, నీళ్లు, మరమ్మతుల ఖర్చు యాజమాన్యాలకు మిగిలింది కనుక 15 శాతం తగ్గించమంది. ఫీజు బాకీ పేరుతో పిల్లల్ని తరగతులకు రానివ్వకుండా ఆపవద్దంది.

అది అనుకోకుండా వచ్చిపడ్డ మూతకు చెప్పిన తీర్పు. వేసవి సెలవులు ముందే తెలిసినవి. రెండూ ఒకటి కావు. కానీ అందులోని న్యాయం పల్లెకూ పనికొస్తుంది. పెట్టిన ఖర్చు అడగవచ్చు, పెట్టని ఖర్చు అడగకూడదు.

ఆయాను అడిగితే తెలుస్తుంది

ఈ న్యాయాన్ని ఊళ్లో తూచే తరాజు ఒకటుంది. మే నెలలో ఆయాకు జీతం ఇస్తున్నారా? చాలా చిన్న బడుల్లో పంతులమ్మలకూ, ఆయాలకూ పది నెలల జీతమే. ఆ రెండు నెలలు వాళ్లు కూడా కూలికి పోతారు. వాళ్ల పేరు చెప్పి మే ఫీజు వసూలు చేసి, వాళ్ల చేతిలో పైసా పెట్టకపోతే ఆ డబ్బు ఎక్కడికి పోయినట్టు?

ఆయాకు జీతం అందుతుంటే, ముందు మాట్లాడుకున్న మే ఫీజు కట్టడంలో తప్పులేదు. ఆమె కూడా మన ఊరి కూలి మనిషే. బడి మూస్తే వాళ్ల గతి ఏమిటో కరోనా చూపించింది. 2021 ఏప్రిల్‌లో పొరుగున తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది.

అంగన్‌వాడీ ఉండగా..

ఫీజు అసలే లేని చోటు ఊళ్లోనే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీల్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటలూ, వేడి అన్నమూ ఉచితం. ఏడాదికి 300 రోజులు ఆహారం అందాలన్నది నిబంధన. వేసవిలో ఏ వేళల్లో తెరుస్తారో కార్యకర్తను అడిగి తెలుసుకుంటే పూటైనా బిడ్డకు నీడ దొరుకుతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనూ పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు ఉంటే, కూలీల్లో ఒకామెను వాళ్లను చూసుకోవడానికే పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. రాత ఉన్నా, అడిగితేనే చెట్టుకింద ఉయ్యాల కట్టారు.

జూన్‌లోనే తేల్చుకోండి

ఏప్రిల్‌లో చీటీ వచ్చాక గొడవపడితే పిల్లవాడి ముందు పెద్దల పరువు పోవడం తప్ప ఒరిగేది ఉండదు. చేర్చే రోజునే నాలుగు మాటలు అడగాలి. ఏడాదికి మొత్తం ఎంత? ఎన్ని వాయిదాలు? బండికీ, తిండికీ విడిగా ఎంత? సెలవుల్లో సిబ్బందికి జీతం ఉందా? జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. చదవడం రాకుంటే చదివినవాళ్లచేత చూపించుకోవాలి. మాట తప్పితే ఆ కాగితంతో పదిమందీ కలిసి మండల విద్యాధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది అడిగితే లెక్క చెబుతారు.

యాజమాన్యాలకూ ఒక మనవి. మే నెల డబ్బు తీసుకునేట్టయితే పాఠాలు వద్దు, హోంవర్కు వద్దు. పొద్దున పూట గది తలుపు తీసి, ఆయాను కూర్చోబెట్టి, కుండలో చల్లటి నీళ్లు ఉంచండి. కూలికి వెళ్లే తల్లి ఆ ఫీజు సణగకుండా కడుతుంది.