కదలని సైకిల్, కొలిచే చక్రం

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్ళేవాళ్ళు 3,550 మెట్లు ఎక్కుతారు. ఆ ఎక్కడంలో ఒంటికి పడే పని ఎంతో లెక్కగట్టడం కష్టమేమీ కాదు. కొండ కిందికీ పైకీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. 60 కిలోల మనిషి తన బరువును తానే అంత ఎత్తుకు చేర్చుకోవాలంటే 4 లక్షల పైచిలుకు జౌళ్ళ పని చెయ్యాలి. ఇంట్లో వ్యాయామ సైకిల్ మీద 100 వాట్ల భారం పెట్టుకుని అంతే పని చెయ్యాలంటే గంటా పది నిమిషాలు తొక్కాలి. తిన్నదాని నుంచి వచ్చే శక్తిలో కండరాలు పనిగా మార్చగలిగేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ లెక్కన మెట్లెక్కినా పెడల్ తొక్కినా కనీసం దాదాపు 400 కిలోకాలరీలు ఖర్చవుతాయి.

కొండ మీద ఈ లెక్క ఉజ్జాయింపే. ఎండ, జనం, భుజాన మూట, మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నామన్నది, అన్నీ దాన్ని మార్చేస్తాయి. మంచి సైకిల్ మీద అలా కాదు. ఈ రోజు గుండెకు ఎంత పని పెట్టామో, నెల తరవాత అంతే పనికి గుండె ఎలా కొట్టుకుంటున్నదో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చాలా ఇళ్ళలో దీన్ని ఒళ్ళు తగ్గించే సామానుగానే చూస్తారు. నా దృష్టిలో ఇది ముందుగా కొలత పరికరం. దీని పుట్టుక, ఎదుగుదల చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

1796లో లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన ‘జిమ్నాస్టికాన్’ అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. విద్యుత్తుతో చికిత్స చెయ్యడం ఆయన వృత్తి. యంత్రంలో కాళ్ళతో తొక్కడానికి చెక్క పలకలు, చేతులతో తిప్పడానికి పిడులు, వాటికి జోడించిన చక్రం ఉండేవి. వెంకటగిరి గుంత మగ్గంలో నేతపనివాళ్ళ కాళ్ళ కింద ఆడే పలకలను చూసినవాళ్ళు దాన్ని సులభంగా ఊహించుకోగలరు. కీళ్ళు పట్టేసినవాళ్ళ కోసం, కూర్చున్న చోటు నుంచి కదలని పనుల్లో ఉన్నవాళ్ళ కోసం ఆయన దాన్ని తయారుచేశాడు. అప్పటికి రోడ్డు మీద నడిచే సైకిల్ లోకంలో లేనే లేదు. కార్ల్ ద్రైస్ రెండు చక్రాల బండి 1817లో వచ్చింది, దాన్ని కాళ్ళతో నేలను తన్నుతూ నడపాలి. ముందు చక్రానికి పెడళ్ళు బిగించిన బండ్లు 1860లలో పారిస్‌లో వచ్చాయి. కాళ్ళతో తిప్పే కదలని యంత్రమే ముందు పుట్టి, కదిలే సైకిల్ తరవాత పుట్టిందన్నమాట.

అయితే లౌండ్స్ యంత్రం మీద రోగి ఎంత పని చేశాడో చెప్పే దారి లేదు. ఆ లోటు తీరడానికి చాలా కాలమే పట్టింది. 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో ఒక రాగి పళ్ళేన్ని విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య తిప్పి చూశాడు. దేనికీ తగలకపోయినా పళ్ళెం బరువెక్కినట్టు తిరగడానికి మొరాయించింది, పైగా వేడెక్కింది. అయస్కాంతం ముందు లోహం కదిలితే ఆ లోహంలో సుడులు తిరుగుతూ విద్యుత్తు పుడుతుంది. ఆ సుడులు కదలికనే అడ్డుకుంటాయి. డెన్మార్క్ శరీరశాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ ఈ సూత్రాన్నే బ్రేకుగా వాడుకుని 1913లో కొలత సైకిల్ ఒకటి కట్టాడు. దాని మీద మనుషుల్ని తొక్కించి, పని మొదలైన మొదటి క్షణాల్లో శ్వాస, రక్తప్రసరణ ఎలా మారతాయో గమనించాడు. కండరాల్లోని సూక్ష్మ రక్తనాళాల మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది.

క్రోగ్ యంత్రం ప్రయోగశాలకు తగినది. ఆసుపత్రులకూ వ్యాయామశాలలకూ అందేలా చేసినది స్వీడన్. 1954లో విల్హెల్మ్ ఫన్ డోబెల్న్ అనే వైద్యుడు చక్రం చుట్టూ ఒక పట్టీ వేసి, దాని లాగుడును తూకంతో కొలిచే తేలికైన పద్ధతి చూపించాడు. మొనార్క్ అనే సైకిళ్ళ కంపెనీ ఆ తరహా యంత్రాలు తయారుచేసింది. ఆ యంత్రంలోని అంకెలు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం అంచు 6 మీటర్లు నడుస్తుంది. పట్టీకి కిలో లాగుడు పెట్టి నిమిషానికి 50 చుట్లు తొక్కితే, ఆ కిలో లాగుడుకు ఎదురుగా 300 మీటర్లు పనిచేసినట్టు. అది దాదాపు 50 వాట్లు. కిలోను రెండు కిలోలు చేస్తే 100 వాట్లు. కరెంటుతో పని లేదు, నోటితో వేసుకోగలిగిన లెక్క. అదే 1954లో పెర్ ఓలాఫ్ ఆస్ట్రాండ్, ఇర్మా రైమింగ్ ఒక పట్టిక ప్రచురించారు. ఒకే భారం మీద కొన్ని నిమిషాలు తొక్కాక నాడి ఎంత ఉందో చూసి, ఆ మనిషి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలడో దాని సాయంతో అంచనా వెయ్యవచ్చు. మనిషిని ఆయాసంతో కూలబడేదాకా తొక్కించనక్కర లేదు.

1973లో ఇలాంటి కొలత సైకిల్ ఒకటి అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌తో పాటు అంతరిక్షానికి వెళ్ళింది. బరువు తెలియని చోట కాళ్ళ కండరాలు, గుండె ఎలా మారుతున్నాయో తెలుసుకోవడానికి అదే సాధనం. ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న సైకిల్‌కు అసలు సీటే లేదు. కూర్చోవడానికి బరువుండాలి కదా! బూట్లను పెడళ్ళకు తగిలించుకుని తొక్కుతారు. తొక్కుడు అదురు మిగతా ప్రయోగాలను చెడగొట్టకుండా యంత్రాన్ని చట్రం నుంచి విడిగా నిలబెట్టారు. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి రేపు మన వ్యోమగాములు బయలుదేరినా, నెలల తరబడి పైన ఉండాల్సి వస్తే కాళ్ళకు ఇలాంటి పని పెట్టక తప్పదు.

ఇక మన ఇళ్ళకొద్దాం. అంగట్లో దొరికే సైకిళ్ళు ప్రధానంగా మూడు రకాలు. చక్రాన్ని ఫెల్టు ముక్క ఒరుసుకునేవి, అయస్కాంతంతో ఆగేవి, రెక్కలు తిరిగి గాలిని చిమ్మేవి. గాలి రెక్కల బండిలో వేగం రెట్టింపయితే చెయ్యాల్సిన పని దాదాపు 8 రెట్లవుతుంది. వయసు మళ్ళినవాళ్ళకు అది కాస్త కష్టమే. ఇంటికి నేను చెప్పేది అయస్కాంతపు బండి. మర తిప్పితే అయస్కాంతాలు చక్రానికి దగ్గరవుతాయి. అరుగుదల లేదు, చప్పుడు లేదు, చాలా వాటిలో కరెంటు పోయినా తొక్కుడు ఆగదు. ముందున్న చిన్న తెర చూపించే కాలరీల అంకెను మాత్రం నమ్మకండి. చవక బండ్లలో అది చుట్లను లెక్కపెడుతుందే తప్ప భారాన్ని కొలవదు. నిమిషాలు, చుట్లు నిజం. ఆ రెంటితో పాటు మర ఏ అంకె మీద ఉందో రాసుకుంటే చాలు.

బిగించేటప్పుడు చాలామంది పాడుచేసేది ఎడమ పెడల్. కుడి పెడల్ అన్ని బోల్టుల్లాగే కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమది ఎదురు మర, ఎడమవైపు తిప్పాలి. తొక్కుడు బలం పెడల్ ఇరుసు చుట్టూ తిరుగుతూ దాన్ని నెమ్మదిగా ఎదురు దిశలో తిప్పుతుంటుంది. రెండు వైపులా ఒకే మర పెడితే ఒకటి వదులైపోతుంది. ఇది తెలియక స్పానరుతో బలవంతం చేస్తే పెడల్‌ను పట్టుకునే క్రాంకులో త్రెడ్డు పోతుంది. అందుకే పెడల్ మీద ‘ఎల్’, ‘ఆర్’ అక్షరాలు చూసుకుని, మొదటి నాలుగు చుట్లూ చేత్తోనే తిప్పాలి. వేళ్ళతో సాఫీగా దిగితేనే స్పానరు అందుకోవాలి. రెండు మూడు రోజులు తొక్కాక పెడళ్ళూ క్రాంకు నట్లూ మరోసారి బిగించాలి. కొత్తలో లోహం కుదురుకునేటప్పుడు కాస్త వదులవడం మామూలే. ఆ వదులుతోనే తొక్కుతూ పోతే క్రాంకు రంధ్రం అరిగిపోతుంది, తరవాత ఎంత బిగించినా నిలవదు.

సీటు ఎత్తుకు సులువైన కొలత మడమ. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాగాలి, నడుము ఒక పక్కకు వాలకూడదు. అప్పుడు మునిపాదంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల దాకా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. సీటు గొట్టం మీద ఇంతకు మించి పైకి లాగకూడదని ఒక గీత ఉంటుంది, దాన్ని దాటించకండి. పెడళ్ళు రెండూ నేలకు సమంగా ఉన్నప్పుడు ముందు మోకాలి చిప్ప పెడల్ ఇరుసుకు సరిగ్గా పైన ఉండేలా సీటును ముందుకో వెనక్కో జరపాలి.

చిత్తూరు వైపు ఇళ్ళలో గ్రానైటు బండలు ఎక్కువ. మెరుగు పెట్టిన బండ మీద చెమట పడితే కాలు జారుతుంది. కింద రబ్బరు చాప పరిచి, బండి కాళ్ళ కింది మరలు తిప్పి నాలుగూ నేలను తాకేలా చూడాలి. మిద్దె మీద రేకుల కింద పెట్టకపోవడమే మంచిది. తిరుపతి వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోడ్డు మీద తొక్కేటప్పుడు ఎదురుగాలి చెమటను ఆరబెడుతుంది. కదలని సైకిల్‌కు ఎదురుగాలి ఉండదు, ఒంట్లో పుట్టిన వేడి ఒంట్లోనే నిలుస్తుంది. ఫ్యాను తప్పనిసరి, వేసవిలో తెల్లవారుజామే సమయం.

చెమటలోని ఉప్పు ఇనుముకు పెద్ద శత్రువు. దిగగానే పొడిగుడ్డతో హ్యాండిల్‌నూ సీటు గొట్టాన్నీ కిందికి కారిన చోటల్లా తుడవాలి. మిగతా జబ్బులను చప్పుడే చెబుతుంది. పెడల్ చుట్టుకొక్కసారి టక్కుమంటే పెడలో క్రాంకో వదులైనట్టు. వేగంతో పాటు గరగర పెరిగితే పెద్ద చక్రం బేరింగు. కీచుమంటే ఫెల్టు ముక్క ఎండింది, దానికి కంపెనీ చెప్పిన నూనె నాలుగు చుక్కలు. కొబ్బరినూనె పొయ్యకండి, జిగురుగా గడ్డకడుతుంది. నెల రోజులు ఊరెళ్తే తెర వెనక బ్యాటరీలు తీసిపెట్టండి, కారితే లోపలి తీగలు తినేస్తాయి.

చక్రంతో పాటు పెడళ్ళు తప్పకుండా తిరిగే స్పిన్ బండి ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. అందులో కాళ్ళు ఆపినా చక్రం ఆగదు, కాళ్ళనే లాక్కుపోతుంది. ఆపాలంటే మరను కిందికి నొక్కాలి. ఇంట్లో ఎవరెక్కినా ఈ సంగతి ముందు చెప్పాలి. చీర కొంగు, చున్నీ, పంచె అంచు దోపుకున్నాకే ఎక్కాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో తొక్కనప్పుడు బ్రేకు పూర్తిగా బిగించి ఉంచాలి. బెల్టు సందులో వేలు పడడానికి క్షణం చాలు.

గుండె విషయంలో ఒక మాట గట్టిగానే చెబుతాను. అలసట దాకా తొక్కి ఉన్నట్టుండి దిగకండి. తొక్కేంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. అవి ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి, బీపీ పడి, కళ్ళు తిరుగుతాయి. చివరి ఐదు నిమిషాలు భారం తీసేసి నెమ్మదిగా తిప్పాలి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకు ఎంత తొక్కినా నాడి అంతగా పెరగదు. వాళ్ళు నాడిని నమ్ముకోకుండా మాటను నమ్ముకోవాలి. తొక్కుతూ వాక్యం పూర్తిచెయ్యగలిగితే భారం సరిపోయింది, మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవాళ్ళు చేతికందేలా గ్లూకోజు పెట్టుకోవాలి. ఉత్త కాళ్ళతో తొక్కకూడదు, పాదంలో స్పర్శ తగ్గినవాళ్ళకు పుండు పడినా తెలియదు. ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ ప్రాంతంలో ఈ సైకిల్ అవసరం మరో వైపు నుంచి కూడా ఉంది. పుత్తూరు దగ్గర రాచపాళెంలో పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో ఎముకలు, కీళ్ళ శస్త్రచికిత్సలు చేస్తారు. అక్కడే స్విమ్స్ ఆసుపత్రికి ఫిజియోథెరపీ కళాశాల ఉంది. కట్టయినా సిమెంటు పట్టీ అయినా ఎముక అతుక్కునేదాకా కాలును కదలనివ్వదు. ఈలోగా తొడ సన్నబడుతుంది, మోకాలు బిగుసుకుంటుంది. ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాకే సైకిల్ ఎక్కాలి.

పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాలి. మొదట్లో అంత వంగదు. కాబట్టి ఆ రోజుల్లో మడమ కొలతను పక్కనబెట్టి, గీత దాటకుండా సీటును ఒకటి రెండు రంధ్రాలు పైకి ఎత్తుతారు. సీటు ఎంత పైకుంటే చుట్టు పైభాగంలో మోకాలు అంత తక్కువ వంగితే సరిపోతుంది. భారం సున్నా. ఉయ్యాల ఊపినట్టు సగం చుట్టు ముందుకు, సగం చుట్టు వెనక్కి. చాలామందికి పూర్తి చుట్టు ముందు వెనక్కి తిరుగుతుంది, తరవాత ముందుకు. అది నొప్పి లేకుండా సాగుతున్నప్పుడు సీటును ఒక రంధ్రం కిందికి దించాలి, దించిన రోజు, రంధ్రం అంకె రాసుకోవాలి. మరునాడు పొద్దున మోకాలు వాచి వెచ్చగా ఉంటే మళ్ళీ ఒక రంధ్రం పైకి. వాపు లేకపోతే అదే ఎత్తులో ఇంకో రెండు రోజులు తొక్కి అప్పుడు తరవాతి రంధ్రానికి దించవచ్చు.