రాగి రేకు మీద పునీతులు

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన ఇంట్లో అన్నిటికన్నా జాగ్రత్తగా సర్దేవి దేవుడి పటాలు. అద్దం పగలకుండా పాత చీరల్లో చుట్టి, దిండ్ల మధ్య పెట్టి లారీ ఎక్కిస్తారు. కొత్త క్వార్టర్‌లో గోడ చెమ్మగా ఉంటే కాగితం బొమ్మకు మచ్చలు పడతాయి. చెక్కకైతే చెదల భయం. న్యూ సెటిల్‌మెంట్‌లో వానాకాలం గడిపినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

నాలుగు వందల ఏళ్ల క్రితం ఐరోపా చిత్రకారులకు ఇటువంటి చిక్కులు తెలుసు. చెమ్మకు చెక్క వంగి పగిలేది, కాన్వాసు గుడ్డ సాగేది. అప్పుడు వారు ఎంచుకున్న మరో దారి రాగి రేకు.

రాగి రేకు మనకూ పాత నేస్తమే. మన రాజులు దానశాసనాలను దానిమీదే చెక్కించారు. అన్నమయ్య (1408-1503) సంకీర్తనలు వేల సంఖ్యలో మనకు దక్కాయంటే, తిరుమలలో వాటిని రాగి రేకుల మీద చెక్కించి దాచబట్టే. మనవాళ్లు రాగి మీద అక్షరాలు చెక్కారు. ఐరోపావాళ్లు దానిమీద నూనె రంగులతో బొమ్మలు వేశారు.

ఈ పద్ధతి 16వ శతాబ్దంలో ఇటలీలో మొదలైంది. 1575 నుంచి 1650 వరకు బాగా చెల్లింది. పుస్తకాల్లో బొమ్మలు అచ్చు వేయడానికి అప్పటికే రాగి పలకలు వాడేవారు కాబట్టి రేకులు సులువుగా దొరికేవి. రేకు మరీ నున్నగా ఉంటే రంగు పట్టదు. అందుకే పైభాగాన్ని కాస్త గరుకుగా రుద్దేవారు. కొందరు వెల్లుల్లి రసం కూడా పూసేవారు. ఆపైన పలుచగా ఒక పూత వేసి, సన్నని కుంచెతో బొమ్మ వేసేవారు. గుడ్డలాగా రాగి నూనెను పీల్చుకోదు. అందువల్ల రంగు పైనే నిలిచి మెరుస్తుంది. వెంట్రుకంత గీత కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవి ఎక్కువగా చిన్న బొమ్మలు. భక్తిని పెంచడానికి బొమ్మలు మంచివేనని 1563లో ట్రెంట్ నగరంలో జరిగిన కేథలిక్ సభ తీర్మానించింది. ఇంట్లో ప్రార్థన చేసుకునేవారు, దూరప్రయాణాలు చేసేవారు ఇటువంటి బొమ్మలు కొనుక్కునేవారు. ఆంట్‌వెర్ప్ నగరంలో తయారైనవి ఓడలెక్కి స్పెయిన్‌కు, అక్కణ్ణుంచి అమెరికా ఖండానికి చేరాయి. మెక్సికోలో కొందరు కన్యస్త్రీలు రాగి మీద వేసిన గుండ్రని బొమ్మలను గుండెల మీద బిళ్లలుగా ధరించేవారు.

బొమ్మలో ఉన్నది ఏ పునీతుడో తెలిసేదెలా? సరస్వతికి వీణ, వినాయకుడికి ఎలుక ఉన్నట్టే వీరికీ గుర్తులున్నాయి. పేతురు చేతిలో తాళంచెవులు, జెరోము పక్కన సింహం, కేథరీన్ దగ్గర చక్రం కనిపిస్తాయి.

ఈ పనిలో గొప్ప పేరు ఆడమ్ ఎల్స్‌హైమర్‌ది. 1578లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. వెనిస్ మీదుగా రోమ్ చేరి, 1610లో అక్కడే కన్నుమూశాడు. ఆయన చిత్రాల్లో చాలావరకు రాగి మీద వేసినవే. 1609లో వేసిన ‘ఐగుప్తుకు పలాయనం’ సుమారు 41 సెంటీమీటర్ల వెడల్పు, 31 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెండు పేజీలూ తెరిచిన మీ నోటుపుస్తకమంత అన్నమాట. హేరోదు రాజు పసిపిల్లలను చంపిస్తున్నాడని తెలిసి, యోసేపు, మరియమ్మ బాలయేసుతో రాత్రికి రాత్రే ఊరు విడిచి వెళ్తున్న దృశ్యమది. ఆకాశంలో పాలపుంత చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తుంది. పాలపుంత అంటే లెక్కలేనన్ని నక్షత్రాల గుంపని గెలీలియో పుస్తకంలో ప్రకటించింది ఆ మరుసటి ఏడాదే.

రాగికీ ఒక బలహీనత ఉంది. కిందపడితే సొట్ట పోతుంది, సొట్ట పడ్డచోట రంగు పెచ్చులుగా ఊడుతుంది. అయినా ఎల్స్‌హైమర్ బొమ్మ 400 ఏళ్లు దాటి నిలిచింది. ఇప్పుడు మ్యూనిక్‌లోని ఆల్టె పినకోటెక్ అనే చిత్రశాలలో ఉంది.

కంప్యూటర్ ల్యాబ్‌లో ఈ చిత్రం చూసే అవకాశం వస్తే అందులోని వెలుగులు లెక్కపెట్టండి: నీటిలో నీడ పడిన చందమామ, నక్షత్రాలు, గొర్రెల కాపరుల నెగడు. నాలుగోది అన్నిటికన్నా చిన్నది. గాడిద పక్కన నడుస్తున్న యోసేపు చేతిలోని కాగడా అది. ఇల్లు విడిచి వెళ్తున్న ఆ ముగ్గురికీ దారి చూపేది అదే.