చక్రములపై సంసారము

పలనాటి సోదరీమణులారా! శివరాత్రికి గూడుబండ్లపై కోటప్పకొండ తిరునాళ్లకు తరలి, బండిచెంతనే వండి వడ్డించిన మన యమ్మమ్మలకు ఇట్టి ప్రయాణము క్రొత్త కాదు. నేడు న్యూజిలాండుననున్న బిడ్డలను జూడబోవువారికి మంచము, పొయ్యి, మరుగుదొడ్డి గల మోటారిల్లు అద్దెకు లభించును. అచ్చటను మనవలెనే బండ్లు ఎడమప్రక్కనే నడచును. అయినను మూడు సంగతులు మఱువవలదని మా మనవి.

ఊరగాయలు, పొడులు మొదలగు తినుబండారములన్నిటిని ఆ దేశమున ప్రవేశించుటకు ముందు సమర్పించు పత్రమున తెలుపవలెను. తెలుపకున్నచో 400 డాలర్ల జరిమానా పడవచ్చును. సందేహమున్నదానిని ఇంటనే విడుచుట మేలు.

బండి కదలునపుడు పొయ్యి ముట్టింపక, అందఱును పట్టీలు బిగించి కూర్చుండవలెను.

వాడిన నీటిని, మరుగుదొడ్డి మురికిని బాటప్రక్కన పాఱబోయక, అందుకై యేర్పఱచిన తావుననే విడువవలెను.

విడిసినచోటు నూడ్చి వెడలుట మన యమ్మమ్మల మర్యాద. పరదేశమునను మన గౌరవమును నిలుపునది యదియే.