కైకలూరు కనబడదేల?

విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో ఒక ప్రయాణికుడు కైకలూరు బస్సు వేళ తెలుసుకొనుటకు సెల్‌ఫోను తెరిచాడనుకుందాం. ఊరి పేరు తప్పు లేకుండా తెలుగులోనే రాశాడు. ‘ఫలితాలు లేవు’ అని సమాధానం వచ్చింది. కొల్లేటి చెంతనున్న అంత పెద్ద ఊరు ఫోనుకు కనబడకపోవడమేమిటి?

ఫోను అక్షరాన్ని ఆకారంగా కాక సంఖ్యగా గుర్తిస్తుంది. లిపులకు ఇట్టి సంఖ్యలను నిర్ణయించిన ప్రమాణమే యూనికోడ్. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు అందులో స్థానం లభించింది. దాని ప్రకారం ‘క’ 3093, ఐత్వం 3144. అయితే ఐత్వాన్ని రెండు ముక్కలుగా, అనగా పైనుండే ఎత్వం 3142, అడుగునుండే గుర్తు 3158గా కూడ రాయవచ్చు. తెరపై రెండూ ఒకే తీరున కనిపిస్తాయి. కాని నాలుగక్షరాల కైకలూరు ఒక పద్ధతిలో ఏడు సంఖ్యలు, మరొక పద్ధతిలో ఎనిమిది! ఈ రెండింటినీ ఒకటిగానే పరిగణించాలని యూనికోడ్ నియమం. పోల్చడానికి ముందు రెండు పాఠాలనూ ఒకే రూపంలోకి మార్చుకోవలసిన బాధ్యత యాప్ రూపకర్తలది. వారు దానిని విస్మరిస్తే కైకలూరే కాదు, మైలవరం కూడ మాయమవుతుంది.

ఉయ్యూరును ‘వుయ్యూరు’ అని, గన్నవరాన్ని ‘గన్నవరము’ అని రాసినప్పటి చిక్కు వేరు. అక్కడ అక్షరాలే మారాయి కనుక సంఖ్యల సవరణ చాలదు. ఇక మచిలీపట్నాన్ని బందరు అని, విజయవాడను బెజవాడ అని పిలిచే అలవాటు జనానికి ఎన్నడూ పోలేదు. విజయవాడలోని మహాత్మాగాంధీ రోడ్డు నేటికీ వాడుకలో బందరు రోడ్డే. ఈ మారుపేర్లను పట్టికలో చేర్చని యాప్ ఊరివారికే ఊరు తెలియదన్నట్లు ప్రవర్తిస్తుంది.

కొన్ని లోపాలు స్వల్పమైనవి. కీబోర్డు సూచించిన పదాన్ని ఎంచుకొంటే చివర ఒక ఖాళీ చేరి వెతుకులాటను చెడగొట్టవచ్చు. ఒక్కొక్కసారి ఫలితాలు, అడుగున ఉండే మీటల వరుస కీబోర్డు చాటున దాగి ఉంటాయి. కీబోర్డును మూస్తే బయటపడతాయి.

దోషం ఎక్కడున్నదో తేల్చుటకు ఒక సులభోపాయం ఉంది. యాప్‌లోని ఊళ్ళ జాబితాలో కైకలూరు పేరును వెతికి పట్టుకొని, ఆ మాటనే నకలు తీసి శోధన పెట్టెలో అతికించాలి. అప్పుడు ఫలితం వచ్చి, చేతితో రాసినప్పుడు రాకపోతే, తప్పు ప్రయాణికుని తెలుగులో లేదు, సంఖ్యలలో ఉంది. రూపకర్తలకు ఫిర్యాదు చేసేటప్పుడు ఈ సంగతినే రాయాలి.